యూదులు, పాలస్తీనియన్లు ఒకే దేశంలో సమానంగా బతకగలరా?

రెండు దేశాల గొడవ వదిలేసి అందరికీ ఒకే దేశం, ఒకే ఓటు పెడితే సరిపోదా అని మీరు అడిగారు. నేను నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లోని హైఫా ఊళ్లో ఒక ముసలావిడ ఇంట్లోనే ఉంటూ కొన్నేళ్లు కేర్‌గివర్‌గా పనిచేశాను, అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నా. కలిసి బతకగలరు, అందులో నాకు అనుమానం లేదు. ఒకే దేశం పెట్టడం మాత్రం అంత తేలిక కాదు.

హైఫాలో యూదులూ ఉంటారు, అరబ్బులూ ఉంటారు, ఈ అరబ్బులూ పాలస్తీనియన్లే. 1948 ఏప్రిల్‌లో, ఇజ్రాయెల్ ఏర్పడేముందు జరిగిన యుద్ధంలో, ఈ ఊరి అరబ్బుల్లో ఎక్కువమంది ఇళ్లు వదిలి పోవాల్సొచ్చింది, అప్పుడు మిగిలినవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఇప్పుడు ఇజ్రాయెల్ పౌరసత్వం ఉంది, ఓటుంది. దేశం మొత్తమ్మీద చూస్తే ఇలాంటి అరబ్ పౌరులు ఐదో వంతు. ముసలావిడకు తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసింది అరబ్ డాక్టరే. రాత్రి డ్యూటీ నర్సు కూడా అరబ్ అమ్మాయి, ఆవిడను హీబ్రూలో బుజ్జగిస్తూ మాత్ర మింగించేది, ఇంటి నుంచి ఫోనొస్తే అక్కడే నిలబడి అరబీలో మాట్లాడేది, వార్డులో ఎవరూ తల తిప్పి కూడా చూసేవాళ్లు కాదు.

అదే ఇంటికి బాత్రూమ్ టైల్స్ వేయడానికి జెనిన్ నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. ఆయనా పాలస్తీనియనే, జెనిన్ కూడా మ్యాప్‌లో చూస్తే హైఫాకి దగ్గరే. కానీ అది వెస్ట్ బ్యాంక్, అంటే ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం. పర్మిట్ చేతిలో పట్టుకుని తెల్లారకముందే చెక్‌పోస్ట్ దగ్గర లైన్లో నిలబడితేగానీ పనికి రాలేడు, ఆ పర్మిట్ ఇచ్చే ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఓటు ఆయనకు లేదు. కేసు పడితే మిలిటరీ కోర్టు. అదే వెస్ట్ బ్యాంక్‌లో సెటిల్‌మెంట్ అనే యూదుల కాలనీ కట్టుకుని ఉంటున్న సెటిలర్‌కైతే మామూలు కోర్టు. 2023 అక్టోబర్ 7న గాజాలోని పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేశాక ఇలాంటి వాళ్ల పర్మిట్లు దాదాపు అన్నీ ఆపేశారు.

జోర్డాన్ నది నుంచి సముద్రం దాకా యూదులు 70 లక్షల పైన ఉంటారు, పాలస్తీనియన్లూ ఇంచుమించు అంతే. వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లాలో పాలస్తీనా అథారిటీ అనే పాలస్తీనియన్ల పరిమిత ప్రభుత్వం ఉన్నా సరిహద్దులు, సైన్యం, ఆఖరి మాట ఇజ్రాయెల్‌వే. ఇజ్రాయెల్ తనలో కలిపేసుకున్న తూర్పు జెరూసలేంలోని పాలస్తీనియన్లలో ఎక్కువమందికి మున్సిపాలిటీ ఓటుంది, పార్లమెంట్ ఓటు లేదు. పెత్తనం ఎటూ ఒక్కరిదే అయినప్పుడు హక్కులు కూడా అందరికీ ఒకేలా ఇవ్వండి అని ఒకే దేశం కోరేవాళ్లు అంటారు, ఆ వాదనలో నాకు తప్పేమీ కనపడదు. ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1925లోనే జెరూసలేంలో కొందరు యూదు మేధావులు బ్రిత్ షాలోమ్ అని సంఘం పెట్టి, ఇద్దరికీ సమాన హక్కులున్న ఒకే దేశం కావాలన్నారు. 1947లో పాలస్తీనా విషయమై వేసిన ఐక్యరాజ్య సమితి కమిటీలో మన దేశం కూడా ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి విభజన వద్దు, ఫెడరల్ దేశం పెట్టండి అని చెప్పింది, ఓటింగ్‌లోనూ విభజనకు వ్యతిరేకంగానే వేసింది. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

మరి అడ్డం ఏంటంటే, భయం. ముసలావిడ రొమేనియాలో పుట్టింది, చిన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధంలో అయినవాళ్లను చాలామందిని పోగొట్టుకుంది. "లోకంలో మేం ఎక్కువమందిమి ఉన్నది ఇక్కడొక్కచోటే, ఇక్కడా తక్కువైపోతే మమ్మల్ని ఎవరు కాపాడతారు" అనేది. అరబ్ డాక్టర్ చేతిలో ప్రాణం పెట్టిన మనిషే ఆ మాట అనేది, దాన్ని ద్వేషం అని కొట్టిపారేయలేను. అక్టోబర్ 7న హమాస్ దాడిలో దాదాపు 1200 మందిని చంపారు, ఆ తర్వాత ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో గాజాలో పదుల వేల మంది చచ్చిపోయారు, పసిపిల్లలతో సహా. ఇంత జరిగాక రేపట్నుంచి ఒకే పోలీసు, ఒకే సైన్యం అంటే ఎవరు నమ్ముతారు? పాలస్తీనియన్ల వైపు నుంచి చూసినా, పౌరసత్వం ఇచ్చినంత మాత్రాన సమానత్వం రాలేదు. 2018లో చేసిన చట్టం ఇజ్రాయెల్‌లో స్వయం నిర్ణయ హక్కు యూదు జాతికి మాత్రమే అని రాసిపెట్టింది, ఆ నర్సు ఉంటున్నది ఆ చట్టం కిందే.

అలాగని రెండు దేశాలుగా విడదీయడం సులువా అంటే అదీ కాదు, తూర్పు జెరూసలేంతో కలిపి వెస్ట్ బ్యాంక్‌లో ఏడు లక్షలకు పైగా సెటిలర్లు పాతుకుపోయారు. నాకు నమ్మకం కలిగించిన దారి "అందరి నేల" (A Land for All) అనే ఉద్యమం చెప్తున్నది. 2012లో యూదులు, పాలస్తీనియన్లు కలిసి మొదలుపెట్టారు. ఎవరి దేశం, ఎవరి ఓటు వాళ్లకే ఉంటాయి, మధ్యలో సరిహద్దు తెరిచి ఉంటుంది, అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు వెళ్లి నివసించే వీలుంటుంది, జెరూసలేం ఇద్దరిదీ. అయితే దానికైనా ముందు వెస్ట్ బ్యాంక్‌లో సైనిక పాలన పోవాలి, మనిషిని బట్టి కోర్టు మారడం ఆగాలి. ఆ పని మొదలుపెట్టాల్సింది ఇజ్రాయెలే, ఎందుకంటే అధికారం వాళ్ల చేతిలో ఉంది.