పళ్ల సెట్టు కోసం పోస్టాఫీసు డబ్బు తీయాలా?

ప్రశ్న: మావారికి 68 ఏళ్లు. పై పళ్లన్నీ పోయాయి, కింద ఆరు మిగిలాయి. తీసి పెట్టుకునే సెట్లకు రెండూ కలిపి 24,000 అన్నారు. దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్లయితే 3.6 లక్షలట. ఆయన సెట్టే చాలంటున్నారు. మా అబ్బాయేమో పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో ఉన్న 10 లక్షలు తీసి ఇంప్లాంట్లే పెట్టిద్దామంటున్నాడు. వేసి రెండున్నరేళ్లయింది. ఏం చేయమంటారు?
– ఓ గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నోరు ఆయనది కాబట్టి నా ఓటు ఆయనకే అమ్మా.

అబ్బాయి ప్రేమను తప్పుపట్టను, లెక్కే కుదరలేదు. ఆ స్కీములో కొంత తీసుకుని కొంత ఉంచుకునే వీల్లేదు, ఖాతా మొత్తం మూసేయాల్సిందే. రెండేళ్లు దాటింది గనక అసలులో 1 శాతం, అంటే 10,000 కోత. ఉంచితే 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 20,500 వడ్డీ. సెట్ల ఖరీదు దాదాపు ఒక విడత వడ్డీ! ఆ వడ్డీతోనే ఇల్లు గడుస్తుంటే కొలతలప్పుడు సగం, సెట్టు చేతికొచ్చాక సగం ఇస్తామని అడిగి చూడండి.

అయితే 24,000తో ఖర్చు తీరిపోదు. పళ్లు పోయిన చోట దవడ ఎముక ఏళ్లతరబడి అరుగుతూనే ఉంటుంది. ఇవాళ అతికినట్టు కూర్చున్నది కొన్నాళ్లకు మాట్లాడుతుంటే జారుతుంది. లోపల కొత్త పొర వేయించాలి, తర్వాతెప్పుడో సెట్టే మార్చాలి. కింద ఉన్న ఆరింటిలో ఒకటి ఊడినా మళ్లీ మార్పే. నెలకు 500 ఆర్డీ కట్టండి, ఐదేళ్లకు అసలే 30,000 అవుతుంది.

మా నాన్నగారి మొదటి సెట్టు నెల్లాళ్లు వంటగదిలో స్టీలు గ్లాసు నీళ్లలోనే ఉంది. చిగురు ఒరుసుకుంటోందని డాక్టరుకు చెప్పడానికి మొహమాటం! చివరికి నేనే తీసుకెళ్తే ఐదు నిమిషాలు అరగదీసి ఇచ్చారు. ఆ సాయంత్రం జంతికలు నమిలారు. అందుకే, తర్వాతి సర్దుబాట్లకు ఫీజు ఉందా లేదా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి.

24,000 కూడా బరువనిపిస్తే మీ ఊళ్లోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. తిరుగుళ్లు ఎక్కువ, ఖర్చు తక్కువ.

పై సెట్టు అంగిలిని పట్టుకుని నిలుస్తుంది, సతాయించేది కిందిదే. రేపు కింది పళ్లన్నీ పోతే రెండు ఇంప్లాంట్లు వేసి వాటికే సెట్టు తగిలించే పద్ధతి ఉంది. ఇంప్లాంట్ల మాట అప్పుడు చూసుకోవచ్చు.

మామూలు ఆరోగ్య బీమా ప్రమాదంలో పోతే తప్ప పళ్లకు పైసా ఇవ్వదు. మీవారికి అసలు బీమాయే లేకపోతే, అబ్బాయి పాత పన్ను విధానంలో ఉంటే మాత్రం ఒక దారి ఉంది. అరవై దాటిన తండ్రి వైద్యానికి తను పెట్టిన ఖర్చును, అందరూ 80డి అనే మినహాయింపు కింద ఏడాదికి 50,000 వరకు చూపించుకోవచ్చు. నగదు ఇస్తే చెల్లదు. అంత ఆరాటంగా ఉన్నాడు కదా, ఆ 24,000 అతన్నే ఫోన్‌పే చేసి బిల్లు దాచుకోమనండి.