నీ ఉత్తరంలో మూడో పేజీ

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. ఈ రోజుల్లో నాలుగు పేజీలు చేత్తో రాసి పోస్టులో వేశావంటేనే నీ మనసు ఎంత నలుగుతోందో తెలుస్తోంది. ఉద్యోగం, జీతం బాగానే ఉన్నా బతుక్కొక ప్రయోజనం కనబడటం లేదనీ, అదేమిటో తేల్చుకోవడానికి ఉద్యోగం మానేసి ఒక ఏడాది ఆలోచించుకోవాలని ఉందనీ, తేలాక నలుగురికీ స్ఫూర్తినిచ్చే ప్రసంగాలు చేయాలనుకుంటున్నాననీ రాశావు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. నీ వయసులో ఆ బెంగ లేనివాణ్ణి చూస్తేనే నాకు అనుమానం. రెండోది వద్దంటాను. మూడోదాన్ని మాత్రం పూర్తిగా మరిచిపొమ్మంటాను.

కూర్చుని ఆలోచించి ప్రయోజనం కనిపెట్టినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నా సంగతే చెబుతాను. గ్రంథాలయంలో ఉద్యోగానికి నేను పుస్తకాల మీద ప్రేమతో వెళ్లలేదు. బ్యాంకు పరీక్ష రెండుసార్లు తప్పాక, దొరికింది కదా అని చేరాను. చేరిన మొదటి ఏడాదే ఒక మిరప రైతు తెగుళ్ల పుస్తకం కోసం ఆరు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పుస్తకం ఉంది, కానీ అట్ట ఊడి, కాగితాలు విడిపోయి, ఆయనకు కావలసిన పేజీలే ఎక్కడో పోయాయి. పొలంలో ఆకు ముడతతో మొక్కలు పోతున్న మనిషిని వట్టి చేతులతో పంపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం తెనాలి వెళ్లి, ఒక బైండింగు పనివాడి పక్కన రోజంతా కూర్చున్నాను. పాత కుట్టు విప్పడం, చిరిగిన మడతలకు పల్చటి కాగితపు పట్టీలు అంటించడం, మైనం రుద్దిన దారంతో మళ్లీ కుట్టడం, మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదన్న రహస్యం, అన్నీ అక్కడ నేర్చుకున్నవే. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ప్రతి గురువారం మధ్యాహ్నం, పాఠకులు పల్చగా ఉండే వేళ, వరండాలో చాప పరుచుకుని చిరిగిన పుస్తకాలు కుడుతూ వచ్చాను. దాన్ని జీవిత లక్ష్యమని ఎవరైనా అంటే ఆ రోజుల్లో నేనే నవ్వేవాణ్ణి.

అందుకని నా సలహా ఇది: ఏ పని చేస్తే గొప్పగా ఉంటుందని ఆలోచించడం మాను, ఏ పని జరగకుండా పడి ఉంటే నువ్వు చూస్తూ ఊరుకోలేవో దాన్ని వెతుకు. మన డెల్టాలో గ్రంథాలయ ఉద్యమం నడిపినవాళ్లంతా ఇలాగే మొదలుపెట్టినవాళ్లేనని నాకనిపిస్తుంది. 1914లో బెజవాడలో గ్రంథాలయాలవాళ్లను ఒకచోట చేర్చి మహాసభ జరిపించేనాటికి అయ్యంకి వెంకటరమణయ్య గారికి ఇరవై నాలుగేళ్లు నిండలేదు. అంటే నీకన్నా చిన్నవాడు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టించి ఒడ్డున ఉన్న పల్లెలకు అందేలా చేశారు. రోడ్లు సరిగా లేని ఆ కాలంలో జనం రాకపోకలు కాలువల మీద సాగేవి గనుక పుస్తకాన్నీ అదే దారిన పంపించారు. చదువుకోండని ఉపన్యాసం ఇవ్వడం కన్నా పడవ సరంగుకు కూలి కుదర్చడం కష్టమైన పని. ఆ కష్టమే నిలిచింది.

ఉపన్యాసం గురించి నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో కాస్త పేరు వచ్చాక ఒక హైస్కూలులో పుస్తక పఠనం మీద గంటసేపు మాట్లాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, దండ వేశారు, నేనూ పొంగిపోయాను. ఆ మర్నాటి నుంచి నెలరోజులు మా గ్రంథాలయం గుమ్మం వైపు చూశాను గానీ ఒక్క పిల్లవాడూ రాలేదు. అదే గ్రంథాలయం వరండాలోకి ఒక గురువారం వాన పడుతుంటే తలదాచుకోవడానికి వచ్చిన కుర్రవాడు, నేను దారానికి మైనం రుద్దుతుంటే అరగంట నిలబడి చూసి, "నేను పట్టుకోనా?" అన్నాడు. నేను పిలవలేదు, వాడికి ఏ నీతీ చెప్పలేదు. తర్వాత మూడేళ్లు ప్రతి గురువారం వచ్చాడు. కుట్టిన పుస్తకాలను పక్కన పెట్టే ముందు తెరిచి చదవడం వాడికి వాడే మొదలుపెట్టాడు.

మీ తరానికి దగ్గరి మనిషి కావాలంటే ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య గారిని తలుచుకో. సైకిలు మీద మొక్కలూ విత్తనాలూ వేసుకుని, ఖాళీ జాగా కనబడినచోటల్లా నాటుకుంటూ పోయారు. వెర్రివాడని నవ్వినవాళ్లు నవ్వారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. దానికి ముందు దశాబ్దాల పాటు ఆయన్ను నడిపించింది మాత్రం ఏ బిరుదూ కాదు. 2025లో పోయేదాకా ఆయన మారలేదు. చెట్లను కాపాడమనే బోర్డు మెడలో వేసుకుని తిరిగినా, జనాన్ని కదిలించింది ఆ బోర్డు కన్నా ఆ సైకిలేనని నేననుకుంటాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో మూడో పేజీకి వస్తాను. నాలుగు పేజీల్లోనూ నీ రాత నీరసంగా సాగింది, ఒక్కచోట తప్ప. మీ అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురికి భిన్నాలు అర్థం కాకపోతే మెట్ల మీద కూర్చుని రొట్టె ముక్కలు చేసి చూపించాననీ, రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదనీ రాసి, మళ్లీ వెంటనే నీ బాధల్లో పడ్డావు. నువ్వు వెతుకుతున్నది అక్కడ ఉందేమో చూడు. ఉద్యోగం మానొద్దు, జీతం ఆగితే మూడో నెలకే ఆ పిల్లకు చెప్పే పాఠంలో కూడా నీకు డబ్బు చింతే కనబడుతుంది. మంగళవారం, శుక్రవారం అని రెండు రోజులు పెట్టుకుని, అదే మెట్ల మీద, అదే వేళకు కూర్చో. ఆ పిల్ల రాని రోజు కూడా కూర్చో, ఎందుకంటే నువ్వు ఉంటావన్న నమ్మకం కుదరడానికే కొన్ని నెలలు పడుతుంది. ఫొటోలు తీసి ఎక్కడా పెట్టకు. అది ఆ పిల్లకు చిన్నతనం, నీకు ప్రలోభం. పక్క భవనం వాచ్‌మన్ పిల్లలు వస్తే సరే, రాకపోతే పిలుచుకురావద్దు. ఆరు నెలలయ్యాక మంగళవారం వస్తోందంటే నీకు బరువుగా అనిపిస్తే, ఆ పిల్లకు చెప్పాల్సిన పాఠం పూర్తిచేసి నిస్సంకోచంగా మానెయ్యి. ఇది నీది కాదని తెలుసుకోవడానికి ఏడాది సెలవు కన్నా అది చవక.

నీ ఉత్తరం సంగతి మీ నాన్నకు చెప్పలేదు, నువ్వే చెప్పుకో. కంటి పరీక్షకు వచ్చే నెల హైదరాబాదు రావాలి. మంగళవారం సాయంత్రానికి మీ ఇంటికి చేరేలా టిక్కెట్టు తీసుకుంటున్నాను. మెట్ల మీద నాకూ కాస్త చోటు ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న