కడుపుతో ఉన్నప్పుడు కల్లు తాగాను.. బాబుకు చదువు రాకపోవడం అందుకేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బాబుకు ఆరేళ్లు. రెండు కిలోల బరువుతో పుట్టాడు. నిన్న నేర్పింది ఇవాళ మరిచిపోతాడు, బడిలో కుదురుగా కూర్చోడు. వాడు కడుపులో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం సీసా కల్లు తాగేదాన్ని. చలువ చేస్తుందని పెద్దలూ వద్దనలేదు. ఇప్పుడు మళ్లీ మూడో నెల. మానేద్దామంటే చేతులు వణుకుతున్నాయి. ఏం చేయాలి?
- ఓ సోదరి

జవాబు: ముందు మీ వణుకు సంగతి చూడాలమ్మా. బాబు పరీక్షలు వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. నల్లగొండ, పాలమూరు వైపు కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి పట్టుబడటం కొత్తేమీ కాదు. వాటికి అలవాటు పడ్డాక ఉన్నట్టుండి ఆపితే కొద్ది రోజుల్లోనే నిద్ర పట్టకపోవడం, పిచ్చి మాటలు, ఫిట్స్ రావచ్చు. అందుకని ఇంట్లో సొంతంగా ఆపొద్దు, అలాగని తాగుతూ రోజులు నెట్టొద్దు. రేపే జిల్లా ఆసుపత్రిలో గర్భిణులను చూసే డాక్టరుకు, మానసిక వైద్య విభాగంలోనూ ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్ల కనుసన్నల్లో మందులతో మాన్పిస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ (టెలీ మానస్) 14416కు ఫోన్ చేసినా ఉచితంగా సలహా ఇస్తారు.

కల్తీ లేని కల్లైనా బిడ్డకు మంచిది కాదు. నాలుగు శాతం ఆల్కహాల్ లెక్కన 650 మి.లీ. సీసా రెండు చిన్న పెగ్గుల (30 మి.లీ.) విస్కీతో సమానం. పొద్దున దింపిన తియ్యకల్లు కూడా కుండలోనే పులవడం మొదలుపెడుతుంది. ఆ ఆల్కహాల్ మాయను దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. దాన్ని విరిచే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా రాదు. ముఖం, గుండె రూపుదిద్దుకునేది తొలి మూడు నెలల్లోనే. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏ నెలలో మానేసినా ఆ మేరకు లాభమే.

బాబు విషయంలో కల్లు కారణం కావచ్చు. రక్తపరీక్షతో అది తేలదు. చిన్న కళ్లు, పల్చటి పైపెదవి, ముక్కు కింద గాడి లేకపోవడం లాంటి గుర్తులు, కడుపులో ఉండగా ఆల్కహాల్‌తో దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి కనిపించవు. కాబట్టి ముఖం బాగానే ఉందని కొట్టిపారేయలేం. మీరు చెప్పే మాటే పెద్ద ఆధారం, సిగ్గుపడి దాచొద్దు. అయితే రక్తహీనత, థైరాయిడ్, వినికిడి లోపం ఉన్నా ఇలాగే ఉంటుంది, ముందు అవి లేవని తేల్చుకోవాలి. జిల్లా కేంద్రంలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రం) తల చుట్టుకొలత, చెవులు, తెలివితేటలు ఉచితంగా పరీక్షిస్తారు. పుట్టినప్పటి బరువు రాసిన కార్డు తీసుకెళ్లండి.

దెబ్బతిన్న మెదడును మార్చే మందు లేదు. కుదురులేనితనానికి మాత్రం అవసరమైతే డాక్టరు మాత్రలు రాస్తారు. మిగతాదంతా శిక్షణే. 'కాళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని, పలక తీసుకురా' అంటే వాడికి ఒక్కటే గుర్తుంటుంది. ఒక పని చెప్పి, అది అయ్యాకే రెండోది చెప్పండి. లెక్కలు నోటితో కాకుండా చింతగింజలతో, రూపాయి బిళ్లలతో చేయించండి. నిద్ర, తిండి, బడి రోజూ ఒకే వేళకు ఉండాలి. వాడు మరిచిపోయేది మొండితనంతో కాదని పంతులుగారికి చెప్పి, ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి.