నిశ్చల చిత్రాల మీద రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నిశ్చల చిత్రాల మీద, అంటే కదలని వస్తువులను అమర్చి గీసే బొమ్మల మీద, నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ పుర్రె అంటే చావు, ఆరిన కొవ్వొత్తి అంటే గడిచిపోయిన కాలం, నిమ్మపండు అంటే బతుకులోని పులుపు అంటూ ప్రతి వస్తువుకీ ఒక అర్థం అంటించుకుంటూ పోయావు. పుర్రె, కొవ్వొత్తి వరకు సరే, 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు ఆ ఉద్దేశంతోనే పెట్టేవారు. నిమ్మపండును మాత్రం ముందు పండుగా చూడు. ఆ చలిదేశానికి అది దక్షిణ ఐరోపా నుంచి రావాలి, డబ్బు పెట్టి కొనాలి. సగం ఒలిచి తొక్కను బల్ల అంచున వేలాడదీశారంటే చిత్రకారుడు తన పనితనం చూపిస్తున్నాడన్నమాట. తొక్క గరుకు, లోపలి తెల్ల పొర, తొనల తడి మూడూ ఒక్క పండులోనే పలకాలి.

డచ్చి చిత్రకారుడు విల్లెం కాల్ఫ్ (1619–1693) చిత్రాల్లో చైనా పింగాణీ ఊరికే రాలేదు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ అలాంటి సరుకు మోసుకెళ్లేది. గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నంలో కోఠీ (వర్తక స్థావరం) పెట్టి మన నేతబట్టలు కొన్నదీ అదే. ఆ దారి నీ వ్యాసంలో లేదు.

ఆ కాలపు పూలగుత్తి చిత్రాల్లో నీలి ఆకులు విషాదమన్నావు. కాదయ్యా, అది రంగు వెలిసిపోవడం! ఆకుపచ్చ కోసం నీలం మీద మొక్కల నుంచి తీసిన పసుపును పలచగా పూసేవారు. వెలుతురుకు ఆ పసుపు పోయి నీలం మిగిలింది. రంగు దేనితో చేశారో తెలియకుండా దానికి భావం చెప్పకు.

షార్డాఁ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1730లలో కుళాయి ఉన్న రాగి నీళ్ల తొట్టిని గీశాడు. అప్పుడు పారిస్‌లో నీళ్లు మోసేవాళ్లు ఇంటింటికీ తెచ్చి పోసేవారు. చిత్రంలో వాళ్లు లేరు, తొట్టి ఉంది. ఇప్పుడు మన వంటింటి మూల చూడు: రంజన్, ఇత్తడి బిందె, 20 లీటర్ల నీళ్ల క్యాన్. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఆ క్యాన్ ఒక వసతి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి, జనం ఎముకలు వంకరపోయిన నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో అదే క్యాన్‌కు అర్థం వేరు. అర్థాల పట్టికలో ఇది దొరకదు, ఆ ఊరి నీళ్ల సంగతి తెలిస్తేనే దొరుకుతుంది.

కాబట్టి సాధన ఇంట్లోనే మొదలుపెట్టు. ఐదారు వస్తువులు చాలు, అమర్చి వాటిని చూస్తూ రాయి. దేనితో చేశారు, ఎక్కడ కొన్నారు, ఎవరు నింపుతారు, ఎవరు తోముతారు, ఒక్కోదానికి ఇవి రాసుకో. వెలుతురు ఒక్క కిటికీ నుంచే రానివ్వు. ట్యూబ్‌లైట్ కూడా వేస్తే నీడలు రెండై ఆకారం చెదిరిపోతుంది. పొద్దున మొదలుపెట్టింది సాయంత్రం అదే చోట కూర్చుని ముగించకు, నీడ పక్కకు జరిగి ఉంటుంది. బిందెను చింతపండు పెట్టి తళతళా తోమించి పెట్టావా, పని చెడినట్టే. రోజూ చెయ్యి పడే మెడ దగ్గర మెరుపు, అడుగున నలుపు, నడుముకు ఆనే చోట సొట్ట, నీకు కావలసింది అదే. రంజన్ కింద ఇసుక పోసి ఉంటే దాన్నీ వదలకు.

రాసింది వచ్చే నెలలోగా పంపు. ఈసారి పుర్రెలు వద్దు.

మీ అన్న