రెండు లక్షల బేస్ గిటార్ పెట్టుబడేనా?

ప్రశ్న: మాది ఏలూరు. మెడికల్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి బీబీఏ ఆఖరి సంవత్సరం. చర్చిలో ఉన్న బేస్ గిటార్ (మందర స్వరాలు పలికే గిటార్) వాయిస్తుంటాడు. ఇప్పుడు సొంతంగా అమెరికాలో తయారైన ఫెండర్ కంపెనీ గిటార్ కావాలంటున్నాడు. రెండు లక్షల పైమాటే. "ఏటా రేట్లు పెరుగుతున్నాయి, ఇది ఖర్చు కాదు, పెట్టుబడి" అంటాడు. ఐసెట్ రాయడట, మ్యూజిక్‌లోనే ఉంటాడట. ఈఎంఐ మీద ఇప్పించమంటారా?

జవాబు: ఇప్పించకండి. అలాగని మీ అబ్బాయి మాటలు పూర్తిగా కొట్టిపారేయకండి కూడా.

రేట్లు పెరుగుతున్న మాట నిజమే. 2020 లాక్‌డౌన్‌లో జనం ఇంట్లో కూర్చుని గిటార్లు తెగ కొన్నారు. ఆ తర్వాత షిప్పింగ్, ముడిసరుకు ఖర్చులు పెరిగాయి. 2025లో అమెరికా వేసిన సుంకాల దెబ్బ ఇండోనేషియా, చైనా, జపాన్ ఫ్యాక్టరీల సరుకు మీద పడింది. మన దగ్గరికి వచ్చేసరికి డాలర్ రేటు, కస్టమ్స్, జీఎస్టీ కూడా తోడవుతాయి.

కానీ రేటు పెరగడం వేరు, మనం కొన్నది మళ్లీ అంత ధరకు అమ్ముడుపోవడం వేరు. లియో ఫెండర్ కాలిఫోర్నియాలో 1951లో ప్రెసిషన్ అనే బేస్ గిటార్ మోడల్ తెచ్చినప్పుడు దాని ధర సుమారు 200 డాలర్లు. ద్రవ్యోల్బణం లెక్కేస్తే ఇవాళ్టి 2,400 డాలర్లకు అటూఇటూ. ఇప్పుడు అదే కంపెనీ అమెరికాలో చేసే మామూలు ప్రెసిషన్ అంతకంటే తక్కువకే వస్తోంది! 1965లో ఫెండర్ కంపెనీ సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ చేతికి పోకముందు తయారైన పాత గిటార్లకు వాటిని సేకరించేవాళ్లు లక్షలు పోస్తారు. మీవాడు వింటున్న కథలు వాటివి. కొత్తది షాపు గడప దాటగానే సెకండ్ హ్యాండ్ అయిపోతుంది.

అబ్బాయికి కావలసింది ఆ పేరా, ఆ సౌండా? ఇది మీకు మందుల భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అదే మాలిక్యూల్‌కు ఒక కంపెనీ స్ట్రిప్ ఒక ధర, ఇంకో కంపెనీది ఇంకో ధర ఉంటుంది కదా. అయితే గిటార్లలో తేడా అట్ట మీద మాత్రమే కాదు. పికప్‌లు (తీగ కదలికను సౌండ్‌గా పట్టేవి), బ్రిడ్జ్ (తీగల కింది ఆధారం), ఫ్రెట్ల (మెడ మీది లోహపు గీతల) పనితనం నిజంగానే మారతాయి. మారనిది 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), ఆ బాడీ ఆకారం.

ఫెండర్ కథే చూడండి. 1970ల చివర్లో టోకాయ్, గ్రెకో లాంటి జపాన్ కంపెనీలు ఫెండర్‌కు నకళ్లు చేసి తక్కువ ధరకు అమ్మేవి. వాటి నాణ్యత కూడా బాగుండేది. ఫెండర్ తన పేరు మీద రేటు తగ్గించలేదు. 1982లో జపాన్‌లోనే తయారీ మొదలుపెట్టి, తాను ఎప్పుడో కొనిపెట్టుకున్న స్క్వయర్ అనే, తీగలు చేసే పాత కంపెనీ పేరును చవక గిటార్లకు తగిలించింది. ఇవాళ స్థూలంగా కింద స్క్వయర్, మధ్యలో మెక్సికో ఫెండర్, పైన అమెరికా ఫెండర్. కింది మెట్టు మీదున్నవాణ్ని పైకి ఊరించాలి, పై మెట్టు కొనగలిగినవాడు కిందికి జారకూడదు. ఈ రెంటి మధ్య ఏ మోడల్‌లో ఏ పార్టు పెట్టాలి, ఏది ఆపాలి అనేదే అసలు విద్య. దానికి జీతం తీసుకునేవాళ్లున్నారు.

సైర్ అనే కంపెనీ ఇంకో దారి పట్టింది. 1977 నాటి జాజ్ బేస్ అనే ఫెండర్ మోడల్‌తో పేరు తెచ్చుకున్న అమెరికా బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ పేరును ఇండోనేషియాలో చేయించిన చవక బేస్‌ల మీద వేసింది. ముందు "ఇంత తక్కువకా!" అనిపించింది, పేరొచ్చాక ఒక్కో మెట్టే ఎక్కింది.

ఇవన్నీ మీవాడికి ఇప్పటికే తెలిసుంటాయని నా అనుమానం. ఒకసారి అడిగి చూడండి. 2017లో రోజ్‌వుడ్ వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చినప్పుడు మెక్సికో ఫెండర్లకు పావ్ ఫెర్రో చెక్క ఎందుకు వేశారు? యమహా, ఐబనెజ్ గిటార్ కంపెనీలు తమ చవక మోడళ్లకు స్క్వయర్‌లా వేరే పేరు ఎందుకు పెట్టుకోలేదు? రెండు పేజీలు రాసివ్వమనండి. ఫోన్ పక్కన పెట్టి ఇష్టంగా రాస్తే ఐసెట్ రాయించి మార్కెటింగ్ ఎంబీఏ వైపు పంపండి. మన దేశంలో వాద్యాల మార్కెట్ చిన్నది, నేరుగా అందులో ఉద్యోగాలు తక్కువే. కానీ ఈ చూపున్న కుర్రాడు బైకుల కంపెనీలోనైనా, ఫోన్ల కంపెనీలోనైనా ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌లో పనికొస్తాడు. రాయకపోతే ఎంబీఏ సీటుకు ఫీజు కట్టి మీరు టెన్షన్ పడటం దండగ.

ఇక మ్యూజిక్. సినిమా పాటల్లో బేస్ చాలావరకు కీబోర్డ్ ప్రోగ్రామింగ్‌తోనే అయిపోతోంది. పిలుపులు వచ్చేది లైవ్ షోలకు, తర్వాత ఇంటి దగ్గరే శుభ్రంగా రికార్డు చేసి పంపగలిగినవాళ్లకు. వాళ్లనైనా గిటార్ తలమీద పేరేంటని అడిగేవాళ్లు తక్కువ. టైమింగ్ ఉందా, పాట కార్డ్స్ (ఏ స్వరాలు కలిపి వాయించాలో చెప్పే గుర్తులు) చూసి వెంటనే వాయిస్తాడా, లైన్‌లో బజ్ (గుర్రుమనే శబ్దం) వస్తోందా, ఇవే చూస్తారు. అది వారాంతాల్లో చేసుకుంటూ చదవడానికి ఏ అడ్డూ లేదు.

ముప్పై, నలభై వేలలో యమహానో, ఐబనెజో, స్క్వయరో తీసుకోండి. దానితోపాటు గిటార్ సౌండ్‌ను కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, మంచి హెడ్‌ఫోన్స్. మిగతా డబ్బుకు ఈఎంఐ జోలికి పోకండి. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా మేలు, అయితే అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. గిటార్ మెడ అంచు వెంట అరచేయి జరిపితే ఫ్రెట్ కొసలు గుచ్చుకోకూడదు. ఒకే తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, ఆఖరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టుకుంటే మధ్యలో తీగకూ ఫ్రెట్‌కూ నడుమ పల్చటి విజిటింగ్ కార్డు దూరేంత సందు కనపడాలి. మరీ ఎక్కువ కనిపిస్తే ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే లోహపు కడ్డీ) సరిచేయాలి. ఆ రాడ్‌ను తిప్పే నట్ బిగుసుకుపోయి తిరగకపోతే, ఎంత చవగ్గా ఇస్తానన్నా బేరం ఆడకుండా వచ్చేయండి.