ట్రైనింగ్‌కి టీచర్లు మనసుపెట్టి ఎప్పుడు వెళ్తారు?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ బడిలో టెక్నాలజీ గురించే వచ్చాయి, అందుకే మూడు తీసుకున్నా.

ప్రశ్న: నేను చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో హెచ్‌ఎంని. మా బడికి ఐఎఫ్‌పి ప్యానెళ్లు, అంటే వేలితో తాకి పనిచేయించే పెద్ద డిజిటల్ బోర్డులు, వచ్చి చాలా రోజులైంది. ఇద్దరు తప్ప మిగతావాళ్లు దానిమీద పీడీఎఫ్ పెట్టి చదివించడం తప్ప ఏం చెయ్యట్లేదు. ట్రైనింగ్ అంటే నన్నొదిలేయండి మేడమ్ అంటారు, ఆర్డర్ వేసి పంపితే సంతకం పెట్టి వచ్చేస్తారు. పోనీ చెడ్డవాళ్లా అంటే కాదు, పాఠం బాగా చెప్తారు. వీళ్లకి ఆసక్తి ఎలా పుట్టించాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మేడమ్, మీ ఉత్తరంలో అసలు సంగతి ఆఖర్న ఉంది, "పాఠం బాగా చెప్తారు" అన్నారు చూడండి, అక్కడ. బాగా చెప్పేవాళ్లే ప్యానెల్ ముందు ఎక్కువ భయపడతారు, ఎందుకంటే వాళ్లకి పోయేది ఉంది. ఇరవై ఏళ్లు సుద్దముక్కతో సంపాదించుకున్న పేరు ఎనిమిదో తరగతి పిల్లల ముందు ఒక్క నిమిషంలో పోతుందేమోనని.

నాకు తెలిసిన లెక్కల మాస్టారు ఒకాయన, పేరెందుకులెండి, మొదటిసారి ప్యానెల్ ఆన్ చేసి ఏదో నొక్కితే తెరిచింది కాస్తా మూసుకుపోయింది. వెనక బెంచీలోంచి ఒకడు "అది కాద్సార్, పక్కది నొక్కండి" అన్నాడు, క్లాసంతా నవ్వింది. పిల్లాడు సాయం చేద్దామనే అన్నాడు, కానీ ఆయన నెల్రోజులు మళ్లీ దాని జోలికి పోలేదు. బయటివాళ్లకి అది బద్ధకంలా కనబడుతుంది, కానీ ఆయన పడింది అవమానం.

తర్వాత ఏమైందంటే అదే బడిలో ఫిజిక్స్ చెప్పే కుర్ర టీచర్ ఒకామె, సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక "మాస్టారూ ఒక్క పది నిమిషాలు" అని పిలిచి జియోజిబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గియ్యడం చూపించింది. అంతే, ఇంకేమీ చెప్పలేదు. మర్నాడు ఆయన క్లాసులో ఆ త్రిభుజం పెట్టారు, మూల పట్టుకుని లాగితే మూడు కోణాలూ మారిపోతున్నాయి గానీ కింద మొత్తం మాత్రం 180 దగ్గరే ఉంది. ఒక పాప లేచి వచ్చి ఆ మూలని లాగి లాగి త్రిభుజాన్ని దాదాపు గీతలా సాగదీసేసి "ఇప్పుడు కూడానా సార్?" అంది. 180. ఇంకో ఇద్దరు లేచారు, ఎలాగైనా ఆ 180ని చెడగొడదామని ఒకళ్లని ఒకళ్లు తోసుకుంటూ. ఆయన ఆ మాట బోర్డు మీద ఎన్ని వందలసార్లు రాసుంటారో, దాన్ని చెడగొట్టాలని పిల్లలు పోటీపడటం మాత్రం అదే మొదటిసారి చూశారు. ఆ వారమే ఆయనంతట ఆయనే అడిగారు, వృత్తాలకి కూడా ఇలాంటిది ఉందా, ట్రైనింగ్ ఎక్కడ ఇస్తారు అని.

మనం తిరగేసి చేస్తున్నది ఇక్కడే. ముందు టీచర్ మనసు మార్చాలి, తర్వాత ట్రైనింగ్ ఇవ్వాలి, అప్పుడు క్లాసు మారుద్ది అనుకుంటాం. అమెరికాలో థామస్ గస్కీ అనే విద్యా పరిశోధకుడు 1986లోనే చెప్పాడు, వరస అది కాదని: టీచర్ ముందు చిన్నది ఒకటి చేసి చూడాలి, దానివల్ల తన పిల్లల్లో మార్పు కనబడాలి, నమ్మకం ఆ తర్వాతే వస్తుంది అని. మా మాస్టారికి జరిగింది అచ్చంగా అదే. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే ఆయన కొత్త టెక్నాలజీని మనుషులు ఎందుకు తీసుకుంటారని చూసి రెండు సంగతులు ముఖ్యమన్నాడు, ఇది నా పనికి ఉపయోగపడుతుందా, నా వల్ల అవుతుందా. మన ట్రైనింగుల్లో మొదటిదాని మీద ఉపన్యాసాలు బోలెడు. రెండోదానికి చెయ్యి పట్టుకుని నేర్పేవాళ్లు కావాలి, వాళ్లే తక్కువ.

సర్టిఫికెట్లని నేను తీసిపారెయ్యను. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకి ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది, టీచర్ల కోసం కేంద్రం పెట్టిన నిష్ఠా కోర్సులు కూడా 2020 నుంచి దీక్షా అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌కి వచ్చాయి, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఆ గంటల లెక్క మనిషిని గుమ్మం దాకా తెస్తుంది. లోపలికి మాత్రం తన క్లాసులో పిల్లలే తేవాలి.

కాబట్టి మేడమ్, మీ బడిలో ఆ ఇద్దరు ఉన్నారన్నారు కదా, వాళ్లే మీ ట్రైనర్లు. వారానికి ఒక సాయంత్రం, తలుపు దగ్గరకి వేసుకుని, పిల్లలు లేకుండా, ఒక్కొక్కళ్లకి వాళ్ల రేపటి పాఠం ఒక్కటే. ఆ రోజు రిపోర్టు అడక్కండి, ఫొటో తియ్యకండి, గ్రూపులో పెట్టకండి. పనికిరాని రిజిస్టర్ ఏదైనా ఉంటే ఆ వారం వాళ్ల నెత్తిమీంచి తీసేయండి. టైమ్ ఇవ్వకుండా ఉత్సాహం అడిగితే ఎవరికైనా కోపమే వస్తుంది, వాళ్ల కోపంలో న్యాయం ఉంది కూడా. అన్నిటికంటే ముందు మీరు వాళ్ల ముందు నేర్చుకోండి, తప్పు నొక్కండి, పక్కవాళ్లని అడగండి.

ప్రశ్న: మాది మందస మండలంలో కొండ దగ్గర ఊరు, ఇద్దరు టీచర్ల బడి. పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. ట్రైనింగ్‌లో చూపించే వీడియోలు వీళ్లకి అర్థం కావు, నెట్ కూడా సరిగ్గా రాదు. ఇంక నేనెందుకు వెళ్లాలి?
– ఒక ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), శ్రీకాకుళం జిల్లా

జవాబు: తమ్ముడూ, ఆ వీడియోల కోసమైతే వెళ్లకు, నీ బాధ న్యాయమైంది. కానీ రికార్డింగ్ నేర్పుతున్నారంటే మాత్రం వెళ్లు. ఊళ్లో ఒక ముసలమ్మని కూర్చోబెట్టి చెట్టు, ఏరు, మేక, అంబలి ఇలా ఒక్కోటీ సవరలో చెప్పించి ఫోన్లో తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి బళ్లో టీవీలో పెట్టు, పక్కనే తెలుగు మాట వచ్చేలా. దానికి నెట్ అక్కర్లేదు. ఒకటో తరగతి పిల్ల వాళ్ల నాయనమ్మ గొంతు బళ్లో విన్నప్పుడు మొహం ఎలా ఉంటుందో చూసి నాకు రాయి.

మన జిల్లా మనిషే గిడుగు రామమూర్తి గారు, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. సవర నేర్చుకోమని ఆయనకి ఎవరూ ఆర్డర్ వెయ్యలేదు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, పుస్తకాలు రాశారు, సవర పిల్లలకి సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. ఆయన చేతిలో కలం కాగితం తప్ప ఏం లేవు, నీ జేబులో రికార్డర్ ఉంది. నువ్వు తీసినవి పక్క ఊరి బడికి కూడా ఇవ్వు, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక్కసారి వేసి చూపించు, చాలు.

ప్రశ్న: ఇంకో రెండేళ్లలో రిటైర్ అవుతాను. ఈ వయసులో ఇవన్నీ నాకవసరమా?
– ఒక టీచర్, నరసన్నపేట

జవాబు: అన్నీ అక్కర్లేదమ్మా, ఒక్కటి చాలు. భిన్నాలు చెప్పడానికి రొట్టె తుంచి చూపిస్తానని ఉత్తరం చివర రాశారే, పిల్లలు ఇప్పటిదాకా ఎవరూ మర్చిపోలేదని కూడా రాశారు. ఎవరి చేతికైనా ఫోన్ ఇచ్చి ఆ పాఠం పదిహేను నిమిషాలు తీయించండి. మీ తర్వాత ఆ క్లాసుకి వచ్చే కొత్త టీచర్‌కి మీరు ఎంతవరకు తుంచి ఎక్కడ ఆగి పిల్లల్ని అడుగుతారో తెలియాలి, పుస్తకంలో అది ఉండదు. ఎడిటింగ్ అక్కర్లేదు, మధ్యలో గంట మోగినా పర్లేదు. తీశాక దాన్ని ఫోన్లోంచి ప్యానెల్‌కి ఎలా ఎక్కించాలో మాత్రం మీరే నేర్చుకోండి, ఆ చిన్న పని ఇంకొకళ్లకి వదలొద్దు.