నాన్నగారి కీర్తన, మనవడి కీబోర్డు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు, బాప్టిస్టు సంఘం. నలభై ఏళ్ల నుంచి ఆదివారం ఆరాధనలో కీర్తన ఎత్తేది మా నాన్నగారే, హార్మోనియం కూడా ఆయనదే. పోయినేడాది యూత్ వాళ్లు చందాలేసుకుని కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద స్క్రీను తెచ్చారు, అప్పట్నుంచి కీర్తనల పుస్తకం తీసేవాళ్లే లేరు, అన్నీ యూట్యూబ్ పాటలే. "ఇది ఆరాధనా ఆర్కెస్ట్రానా" అని నాన్నగారు ఒకరోజు మధ్యలో లేచొచ్చేశారు, రెండు నెలలైంది మందిరానికి రావట్లేదు. ఆ కీబోర్డు వాయించేది నా కొడుకే, ఇంట్లో తాతామనవళ్లకి మాటల్లేవు. ఎవరికి సర్దిచెప్పాలో మీరే చెప్పండి.
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: వందనాలమ్మా. నీ ఉత్తరం చదివాక చాలాసేపు మనసు బాగోలేదు, ఎందుకంటే నలభై ఏళ్లు పాడిన మనిషి ఆదివారం పొద్దున ఇంట్లో ఒక్కడే కూర్చోవడం ఎంత కష్టమో నేను చూశాను.

ముందు నాన్నగారితో ఈ మాట చెప్పు. ఆయన పాతది అంటున్న కీర్తన కూడా ఒకప్పుడు కొత్తదే. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం తీసుకున్నారు, వందకి పైగా కీర్తనలు రాశారు. దొరల ట్యూన్లకి తెలుగు మాటలు అతికించి పాడే రోజుల్లో ఆయన మన రాగాలు, మన తాళాలు, మన పల్లవీ చరణాలు మందిరంలోకి తెచ్చారు. 1878 జూలై 3న మీ వైపే గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. ఒకరు ఎత్తితే పదిమంది అందుకునే పాట ఉంది కాబట్టే అలాంటి జనానికి వాక్యం నోటికొచ్చింది. మా నాయనమ్మ కూడా చదువుకోలేదు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూర్చుని ఆకు కర్రకి కడుతూ ఆరు చరణాలు వరసగా పాడేది, ఆకు జిగురుకి వేళ్లన్నీ నల్లగా అయిపోయి ఉండేవి, తాళం మాత్రం కాలి బొటనవేలితో వేసేది.

ఇక పిల్లాడి సంగతి. వాడు కీబోర్డు వాయించడం తప్పు కాదు, ఆమాటకొస్తే హార్మోనియం కూడా మనది కాదు, బయటి దేశం నుంచి వచ్చిందే. కానీ కీర్తనల్ని మొత్తానికి తీసేయడం మాత్రం నాకు ఏమాత్రం నచ్చలేదమ్మా, అది యూత్ వాళ్లకి నా మాటగా గట్టిగా చెప్పు. స్క్రీను ఆరిపోతే రెండో లైను రాని పాటలు ఎన్ని నేర్చుకుంటే ఏం లాభం, ఆసుపత్రి మంచం పక్కన నిలబడినప్పుడు స్క్రీను ఉండదు కదా.

ఇంకోటుంది, ఇది ఇద్దరూ వినాలి. మామూలుగా మన చేతుల్లో ఉండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి అంతే, స్వరాలు ఉండవు. అసలు వరస ఉండేది పాడేవాళ్ల గొంతులోనే, అదీ ఊరికో రకంగా ఉంటుంది. మీ ఊరి వరస ఇప్పుడు నాన్నగారి దగ్గరే ఉంది. ఆయన అలిగి ఇంట్లో కూర్చుంటే ఏ సంప్రదాయం కోసం బాధపడుతున్నారో అదే ఆయనతో పాటు పోతుంది, ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా ఆయనకి చెప్పాల్సిందే.

నీ కొడుకుని ఒక శనివారం సాయంత్రం తాత దగ్గర కూర్చోబెట్టు. పాట ఎత్తేది ముందు తాతే, ఆయన గొంతు ఏ శ్రుతిలో లేస్తే ఆ శ్రుతికి వీడు కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మార్చుకోవాలి, ఆటోమేటిక్ రిథమ్ ఆపేయాలి, ఎందుకంటే కీర్తనలో ఒక మాట దగ్గర ఆగి సాగదీసే చోటు ఉంటుంది, ఆ మెషీన్ బీటు ఆగదు. తాత పాడుతుంటే ఫోన్లో రికార్డు చేయమను. అర్థం కాని పాత మాటలుంటే అడిగి రాసుకుని ఆదివారం స్క్రీను మీద పాట కిందే వేయమను, సండే స్కూల్ పిల్లలకీ తెలుస్తాయి. వారానికి ఒక్క కీర్తన చాలు, మిగతావి వాళ్ల పాటలే పాడుకోనీ, సౌండు మాత్రం ముసలివాళ్ల చెవులు తట్టుకునేలా తగ్గించుకోవాలి.

మొదటి వారం ఏ కీర్తన పాడాలో మనవడినే వెళ్లి తాతని అడగమను. నువ్వు మధ్యలో మాట్లాడొద్దు.